వాల్యూమ్ సరిచూడకుండా తీర్పు చెప్పకండి

సభకు నమస్కారం. నన్ను పిలిచిన నిర్వాహకులకు, ఓపికగా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. ట్రాన్సిస్టర్లకి బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఖరీదైన స్టీరియో ట్యూబ్ పవర్ యాంప్లిఫయర్ కొనేముందు దాన్ని ఎలా పరీక్షించాలి అన్నది నాకిచ్చిన అంశం. ఎన్నాళ్లుగానో నా మనసులో ఒక బాధ ఉంది. ఈ వేదిక మీద అది కూడా చెప్పుకుంటాను.

చరిత్ర క్లుప్తంగా చెప్తాను. 1947లో విలియమ్సన్ అనే ఇంజనీరు తన యాంప్లిఫయర్ సర్క్యూట్‌ని ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రచురించాడు. 1951లో హాఫ్లర్, కెరోస్ అనే ఇంజనీర్లు అల్ట్రాలీనియర్ అనే, ధ్వనిలో వక్రీకరణ తగ్గించే సర్క్యూట్ పద్ధతిని వివరించారు. చానల్‌కి 75 వాట్లిచ్చే మెకింటోష్ ఎంసీ 275 వచ్చింది 1961లో. ఇవాళ లక్షలు పోసి కొనే యాంప్లిఫయర్లలో చాలావాటికి మూలం ఆనాటి ఆలోచనలే. కాబట్టి ‘మాది ప్రపంచంలో ఎవరికీ లేని సర్క్యూట్’ అని ఎవరైనా అంటే వెంటనే నమ్మెయ్యకండి. ట్రాన్స్‌ఫార్మర్ల గురించి అడగండి.

ట్యూబు ప్లేటుకి, అంటే సిగ్నల్ బయటికొచ్చే కొనకి, కావలసిన లోడు వేల ఓమ్‌లలో ఉంటుంది. ఓమ్ అంటే విద్యుత్ నిరోధానికి కొలమానం. స్పీకర్ది 4 లేదా 8 ఓమ్‌లు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. బాగా కింది స్వరాలు పూర్తి పవర్‌తో రావాలంటే అందులో ఇనుము ఎక్కువ ఉండాలి. పై స్వరాలు చెడకూడదంటే చుట్లు జాగ్రత్తగా పొరలు పొరలుగా చుట్టాలి. మీ డబ్బులో పెద్ద వాటా పోవాల్సింది అక్కడికే. ముందు పలకకి, బంగారు పూతకి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. స్పీకర్ మీద 8 ఓమ్‌లు అని రాసి ఉన్నా, అది అన్ని స్వరాలకూ 8గా ఉండదు. ఒకచోట 4కి దిగుతుంది, ఇంకోచోట 20కి ఎక్కుతుంది. యాంప్లిఫయర్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే దాని లోపలి నిరోధం, 2 ఓమ్‌లు అనుకుందాం. స్పీకర్ 4 ఓమ్‌లున్న చోట సుమారు 3.5 డెసిబెల్స్ పోతాయి, 20 ఉన్న చోట 0.8 మాత్రమే పోతుంది. అంటే 2.7 డెసిబెల్స్ తేడా. ఎవరో టోన్ కంట్రోల్ తిప్పినంత పని! అందుకే అదే యాంప్లిఫయర్ ఒకరి దగ్గర గొంతుని ముందుకు తెస్తుంది, ఇంకొకరి దగ్గర మృదంగం ఎడమ చేతి దెబ్బని ఉబ్బిస్తుంది. మీ స్పీకర్‌తో వినకుండా ఏ ట్యూబ్ యాంప్లిఫయర్ గురించీ ఎవరూ తీర్పు చెప్పలేరు. మళ్లీ చెప్తున్నాను, మీ స్పీకర్‌తో!

నా బాధ అన్నానే, అది ఇక్కడే మొదలవుతుంది. ఆ మధ్య ఒక డెమోకి వెళ్లాను. రెండు యాంప్లిఫయర్లు పెట్టారు, ఒకటి రెండోదానికి రెట్టింపు ఖరీదు. పాట వేశారు, మార్చారు, మళ్లీ వేశారు. ఏది బాగుందంటే దాదాపు అందరి చేతులూ ఖరీదైనదానికే లేచాయి. ‘గొంతులో ప్రాణం ఉంది’ అన్నారొకరు. ‘తెర తీసినట్టుంది’ అన్నారు ఇంకొకరు. వాల్యూమ్ సమానంగా ఉందో లేదో ఒక్కసారి కొలుద్దామా అని అడిగాను. ‘సంగీతాన్ని మీటరుతో కొలుస్తారా సార్?’ అన్నారు అమ్మేవారు. అందరూ నవ్వారు. అయినా నేను వదల్లేదు.

స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మీటరు పెట్టి ఒకే టోన్ వేశాం. మొదటిదానికి 2 వోల్టులు. ఖరీదైనదానికి 2.38. అంటే ఒకటిన్నర డెసిబెల్స్ ఎక్కువ. అంత చిన్న తేడాని మన చెవి ‘శబ్దం పెరిగింది’ అని చాలాసార్లు గుర్తుపట్టదు, ‘స్పష్టంగా ఉంది, జీవం ఉంది’ అనుకుంటుంది. రెండూ సమానం చేసి అదే పాట మళ్లీ వేయించాను. ఈసారి చేతులు రెండువైపులా లేచాయి. డెమో అంతటితో ముగించేశారు.

నేను అమ్మేవాళ్లని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. బయట మెట్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపారు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులోంచి అప్పటికే అడ్వాన్స్ కట్టేశారట. ‘బాబూ, ఇప్పుడేం చేయమంటావు?’ అన్నారు. నాలుగు రోజులు ఇంటికి పట్టుకెళ్లి మీ స్పీకర్లతో విననివ్వమని అడగండి అన్నాను. లోపలికి వెళ్లి అడిగారు. కుదరదన్నారట, అడ్వాన్స్ కూడా తిరిగి ఇవ్వరట. ఆయన ముఖం నేను మర్చిపోలేను. మీలో డెమోలు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క నిమిషం ఆ పెద్దాయన స్థానంలో కూర్చుని ఆలోచించండి!

కొలవడం కష్టమేమీ కాదు. మామూలు మల్టీమీటర్లలో చాలావాటి ఏసీ కొలతను 400 హెర్ట్జ్ దాటాక నమ్మలేం, అందుకని 300 హెర్ట్జ్ టోన్ వాడండి. రెండు వోల్టేజీల మధ్య తేడా ఒక శాతం లోపు ఉంటే దాదాపు 0.1 డెసిబెల్‌లో ఉన్నట్టే. ఇలా సమానం చేశాక కూడా తేడా వినిపిస్తే, అప్పుడు దాని గురించి మాట్లాడుకుందాం. కొలతలు చాలు, వినక్కర్లేదు అనేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. సమానం చేశాకే వినడం మొదలవుతుంది. తంబూరా శ్రుతి మీద గాత్రం ఉన్న రికార్డింగ్ ఏదైనా పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో చాలాసేపు వినండి.

సమయం అయిపోతోందని చీటీ వచ్చింది. మిగతావి గబగబా చెప్తాను. పాట ఆపి స్పీకర్‌కి చెవి ఆనించండి, హమ్, అంటే గుయ్‌మనే శబ్దం, వినిపిస్తే కారణం అడగండి. బయాస్, అంటే ట్యూబులో నిలకడగా పారే కరెంటుని నిర్ణయించే అమరిక, మీరే సరిచేసుకోవాలో, దానంతటదే సర్దుకుంటుందో కనుక్కోండి. కేటీ 88 అనే పవర్ ట్యూబు ఒక్కోదానికి, దాన్ని వేడిచేసే ఫిలమెంట్‌కే 10 వాట్లు పోతాయి, కాబట్టి చుట్టూ గాలి ఆడే చోటు కావాలి. స్పీకర్ తగిలించకుండా పాట వేయకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. లోపల 400 వోల్టులు దాటి ఉంటాయి. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో కొంతసేపు నిలుస్తాయి. తెలియనివాళ్లు మూత తీయకండి.

చివరిగా నిర్వాహకులకు ఒక విన్నపం. ఇకమీదట మన సమావేశాల్లో రెండు యాంప్లిఫయర్లు పోల్చేటప్పుడు, దేనికి ఎన్ని వోల్టులు వచ్చాయో కాగితం మీద రాసి అందరికీ కనిపించేలా పెట్టండి. సాయంత్రం జరిగే శ్రవణం నుంచే మొదలుపెడదాం. మీటరు తెచ్చాను, కొలిచే పని నాది. ఇక ప్రశ్నలు అడగండి.