గోడ మీది స్విచ్ పనిచేయాలి

అందరికీ నమస్కారం.

ఇంటి ఆటోమేషన్ అనగానే ఏ బల్బు కొనాలి, ఏ యాప్ పెట్టుకోవాలి అని అడుగుతారు. నేను ముందు వేరే సంగతి అడుగుతాను. ఇంటర్నెట్ పోయినా, ఇంట్లో పరికరాలన్నిటినీ నడిపే హబ్ ఆగిపోయినా, మీ ఇంట్లో పెద్దవాళ్లు గోడ మీది స్విచ్ నొక్కితే లైటు వెలుగుతుందా? వెలగకపోతే ఆ ఇంట్లో పని ఇంకా పూర్తి కానట్టే.

అందుకే నేను స్మార్ట్ బల్బు కంటే స్విచ్‌బోర్డు వెనక అమర్చే రిలేనే, అంటే లైటుకి కరెంటు కలిపే, ఆపే చిన్న పరికరాన్నే కోరుకుంటాను. చేత్తో నొక్కినా పనిచేస్తుంది, హబ్ చెప్పినా పనిచేస్తుంది. చాలా రిలేలకు న్యూట్రల్ వైరు కావాలి. పాత స్విచ్‌బోర్డుల్లో అది ఉండకపోవచ్చు. కొనేముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి, బోర్డు విప్పి చూపించుకోండి.

హబ్ విషయానికొస్తే, నేను వాడేది హోమ్ అసిస్టెంట్. 2013లో మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. ఏం జరిగితే ఏది వెలగాలో చెప్పే రూల్స్ అన్నీ ఇంట్లోని చిన్న కంప్యూటర్‌లోనే నడుస్తాయి. లైటు వెలగడానికి ఎక్కడో ఉన్న సర్వర్ అనుమతి అక్కర్లేదు.

ఇక రిపేరు సంగతి. మా అమ్మ రాత్రి లేచి నడవాలోకి వస్తే లైటు దానంతటదే వెలగాలని మనిషిని పసిగట్టే జిగ్‌బీ సెన్సర్ పెట్టాను. జిగ్‌బీ అంటే ఇలాంటి చిన్న పరికరాలు వైర్లు లేకుండా మాట్లాడుకునే రేడియో పద్ధతి. కొన్ని రాత్రులు వెలిగేది, కొన్ని రాత్రులు వెలిగేది కాదు. చీకట్లో ఆవిడ ఎక్కడ జారిపడుతుందోనని నాకు ఒకటే టెన్షన్. మూడు రోజులు రూల్‌ని తిరగరాస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు, జరిగినవన్నీ హబ్ రాసిపెట్టుకునే లాగ్ తెరిచి చూస్తే, లైటు వెలగని రాత్రుల్లో సెన్సర్ నుంచి హబ్‌కి కబురే అందలేదు! రూల్‌లో తప్పేమీ లేదు.

కారణం ఏమిటంటే, జిగ్‌బీ కబుర్లను హబ్‌కి అందించే డాంగిల్‌ని హార్డ్ డిస్క్ పక్కనే యూఎస్‌బీ 3.0 పోర్టులో గుచ్చాను. యూఎస్‌బీ 3.0లో డేటా నడిచేటప్పుడు వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్‌జ్ దగ్గర కూడా ఉంటుంది. జిగ్‌బీ మాట్లాడేదీ అక్కడే. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి డాంగిల్‌ని దూరంగా పెట్టాను. ఆ రాత్రి నుంచి లైటు తప్పలేదు.

2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై కూడా అదే బ్యాండ్‌లో ఉంటుంది. ఇక్కడ నంబర్లు చూసి మోసపోతాం. జిగ్‌బీ 11వ చానెల్, వైఫై 11వ చానెల్ ఒకటి కావు. జిగ్‌బీ 11 ఉండేది వైఫై 1 కిందే. మీ వైఫై 1లో ఉంటే జిగ్‌బీని 25కి మార్చండి. మార్చాక కొన్ని పరికరాలను మళ్లీ జత చేయాల్సి రావచ్చు.

ఇంకో చిక్కు ఉంది. బ్యాటరీ సెన్సర్లు పక్కవాటి కబురును హబ్ వైపు మోయవు. ఆ పని కరెంటుతో నడిచే జిగ్‌బీ పరికరాలది. ఎవరైనా స్మార్ట్ బల్బుని గోడ స్విచ్‌తో ఆర్పేస్తే, దాని మీద ఆధారపడ్డ సెన్సర్ కూడా మూగబోవచ్చు. ఇది ఆర్పినవాళ్ల తప్పు కాదు, అమర్చినవాళ్లదే.

కాబట్టి లైటు వెలగనప్పుడు కబురు నడిచే దారి వెంటే వెళ్లండి. సెన్సర్ మనిషిని పసిగట్టిందా? కబురు హబ్‌కి చేరిందా? రూల్ నడిచిందా? ఇది, రూల్ అడుగడుగునా ఎలా నడిచిందో చూపే హోమ్ అసిస్టెంట్ ట్రేస్‌లో కనిపిస్తుంది, ఏ షరతు దగ్గర ఆగిందో కూడా. రిలే టక్కుమందా? ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. రెండు కలిపి మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

హబ్‌కి బ్యాకప్ మాత్రం ఈ రోజే తీసుకోండి. హబ్ మెమరీ కార్డు మీద నడుస్తుంటే, రోజంతా డేటా రాసీ రాసీ ఆ కార్డు అరిగిపోతుంది. కాపీని వేరే చోట ఉంచండి.

ఈ బల్ల మీద ఒక రిలే, ఒక స్విచ్, ఒక బల్బు బిగించి తెచ్చాను. ఇప్పుడు హబ్ వైరు పీకేస్తున్నాను. ముందు వరసలో ఎవరైనా వచ్చి స్విచ్ నొక్కండి.