ఐదు రోజుల చీటీ, ఐదు నెలల మాత్రలు

పెద్దలందరికీ నమస్కారం. ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మని మీ కార్యదర్శిగారి చేత ముందే చెప్పించాను. చాలామంది తెచ్చారు, సంతోషం. వాటిని ఒళ్ళోనే ఉంచుకోండి. మాట్లాడుతుండగా వాటితో పని పడుతుంది.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. మోకాళ్ళ ఆపరేషన్ నేను చెయ్యను. ఆర్థోపెడిక్ డాక్టరుగారు ఆపరేషన్ ఖాయం చేశాక, గుండె, కిడ్నీలు, షుగరు చూసి ఫిట్‌నెస్ రాయమని నా దగ్గరికి పంపుతారు. అలా వచ్చినవాళ్ళలో కొందరిని నేను వెనక్కి పంపాల్సి వస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంటుంది, లేదా హిమోగ్లోబిన్ బాగా పడిపోయి ఉంటుంది. ఏం వాడుతున్నారని అడిగితే సంచిలోంచి నొప్పి మాత్రల ఖాళీ షీట్లు బయటికి వస్తాయి. ఆపరేషన్ దాకా నొప్పి ఓర్చుకోవడానికి వేసుకున్న మాత్రలే ఆ ఆపరేషన్ని వాయిదా వేయిస్తున్నాయి. దీని గురించి మాట్లాడాలనే వచ్చాను.

మోకాలు మార్చాలని చెప్పిన మర్నాడే ఎవరూ ఆపరేషన్ బల్ల మీద పడుకోరు. డబ్బు సర్దుబాటు కావాలి. పథకం కింద చేయించుకోవాలంటే అనుమతి రావాలి. షుగరు అదుపులోకి రావాలి, పుచ్చిపన్ను ఉంటే దాన్ని ముందు బాగు చేయించుకోవాలి. కోతలయ్యాక చూద్దాం అంటారు కొందరు. అమెరికా నుంచి అబ్బాయి వచ్చాక అంటారు ఇంకొందరు. ఇవన్నీ సరైన కారణాలే. అయితే ఈలోపు నాలుగు నెలలో ఆరు నెలలో గడిచిపోతాయి. చేతిలో ఉన్న చీటీలో మాత్రం "రోజుకు రెండు, ఐదు రోజులు" అనే ఉంటుంది. ఆరో రోజు నొప్పి మళ్ళీ వస్తుంది. ఖాళీ షీటు మెడికల్ షాపులో చూపిస్తే ఇంకో షీటు ఇస్తారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందులు. కానీ మనమూ అడుగుతాం, వాళ్ళూ ఇస్తారు. ఐదు రోజుల మందు ఐదు నెలలు సాగుతుంది. ఆ ఐదు నెలల చీటీ ఎవరూ రాయలేదు.

మా అమ్మకు ఇలాగే జరిగింది. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయింది. సంక్రాంతి వెళ్ళాక ఆపరేషన్ అనుకున్నాం. దసరా తర్వాత ఒకసారి పాదాలు వాచాయని, బీపీ పెరిగిందని ఫోన్ చేసింది. అప్పటికే బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోంది. దాన్నే "హెచ్" కలిసిన మాత్రగా నేనే మార్చాను. హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రం ద్వారా బయటికి పంపే మందు. వాపు తగ్గింది, నేను నిశ్చింతగా ఉన్నాను. సంక్రాంతికి ఇంటికి వెళ్ళి రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 2.1 ఉంది. అంతకు ముందు ఏడాది 0.9. అప్పుడు దిండు కింద నుంచి డైక్లోఫెనాక్ షీటు తీసి చూపించింది. మూడు నెలలుగా పొద్దునొకటి, రాత్రొకటి. "నువ్వు వద్దంటావని చెప్పలేదే అమ్మాయీ, పనికి లేవాలి కదా" అంది.

పాదాల వాపూ, పెరిగిన బీపీ ఆ నొప్పి మాత్ర వల్ల వచ్చినవే. నేను వాటిని జబ్బనుకుని ఇంకో మందు కలిపాను. "నొప్పికి ఏం వేసుకుంటున్నావమ్మా?" అని ఒక్క మాట అడగలేదు. ఈ విషయం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అందుకే ఎవరికి పాదాలు వాచినా మొదట ఆ ప్రశ్నే వేస్తాను.

అసలు కిడ్నీలో ఏం జరుగుతుందో చెప్తాను. కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే ఒక్కో జల్లెడకు పైన ఒక తూము, కింద ఒక తూము ఉన్నాయనుకోండి. పై తూము తెరిచి ఉంచడానికి శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. నొప్పినీ వాపునీ పెంచేవి కూడా ఆ జాతివే. నొప్పి మాత్ర వాటి తయారీని ఆపుతుంది. మోకాలికి హాయిగా ఉంటుంది, కిడ్నీలో మాత్రం పై తూము సన్నబడుతుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు కింది తూమును వదులు చేస్తాయి. హెచ్ మాత్ర కాలువలో పారే నీటినే తగ్గిస్తుంది. వచ్చేది తక్కువై, పోయేది తేలికై, అసలు నీరే తగ్గితే జల్లెడలో ఒత్తిడి నిలవదు, వడగట్టడం మందగిస్తుంది. విడివిడిగా ఈ మూడూ మంచి మందులే. మూడూ ఒకచోట చేరినప్పుడే ప్రమాదం. ఎండాకాలంలోనో, వాంతులూ విరేచనాలూ అయిన రోజునో ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు మీ సంచిలో బీపీ మాత్ర తీసి, పేరు చివర హెచ్ ఉందేమో చూడండి. ఉంటే బీపీ మాత్ర మానెయ్యొద్దు. డాక్టరుతో మాట్లాడేదాకా నొప్పి మాత్రనే ఆపండి.

పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వల్ల మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై చనిపోయాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషి శరీరం రాబందు శరీరం కాదు. మిమ్మల్ని భయపెట్టాలని ఇది చెప్పడం లేదు. కానీ ఇది పిప్పరమెంటు బిళ్ళ కాదని గుర్తుండాలి.

"నేను గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటున్నాను కదండీ" అంటారు. పాంటోప్రజోల్ లాంటివి పొట్టను చాలావరకు కాపాడతాయి, కిడ్నీని కాపాడవు. అసలు పొట్టలో పుండు పడినా తెలియకపోవచ్చు, ఎందుకంటే మీరు వేసుకున్నది నొప్పి తెలియనివ్వని మందే. విరేచనం తారులా నల్లగా అయిందంటే రక్తం పోతోందేమోనని అనుమానించి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. గుండె కోసం ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్, వాడేవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ.

మరి నొప్పి భరించాల్సిందేనా? కాదు. నొప్పి భరించి ఇంట్లో కూర్చుంటే తొడ కండరాలు కరిగిపోతాయి, ఆపరేషన్ తర్వాత నడక కష్టమవుతుంది. నొప్పి తగ్గాల్సిందే. మోకాలికైతే మొదట డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడాలి. చర్మం మీద రాస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. మాత్ర తప్పనిసరి అయితే తక్కువ మోతాదులో, తక్కువ రోజులు. పెళ్ళికి వెళ్ళే రోజున, ప్రయాణమున్న రోజున వేసుకుని మిగతా రోజుల్లో మానడం చాలామందికి కుదురుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గుండెకు స్టెంట్ వేసుకున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఒక్కటి కూడా వేసుకోకూడదు.

పారాసెటమాల్ విషయంలో నిజం చెప్పాలి. అరిగిన మోకాలికి దాని బలం తక్కువ. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా 2022లో దాన్ని మామూలుగా రాయొద్దనే అన్నాయి. కానీ మిగతా నొప్పి మందులు పడనివాళ్ళకు ఎంతో కొంత ఊరట ఇచ్చేది అదే. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. ఆరోగ్యంగా, వయసులో ఉన్నవాళ్ళకు రోజుకు 4,000 మిల్లీగ్రాములు గరిష్ఠ హద్దు. వయసు మళ్ళినవాళ్ళకు, బక్కపల్చగా ఉన్నవాళ్ళకు, మద్యం అలవాటున్నవాళ్ళకు డాక్టర్లు ఇంకా తగ్గిస్తారు. సంచిలో వెతకండి. డోలో 650 రోజుకు మూడంటే 1,950. ఎసిక్లోఫెనాక్ కలిసిన మాత్రలో సాధారణంగా 325 ఉంటుంది, ట్రామడాల్ అనే బలమైన నొప్పి మందు కలిసిన దాంట్లో ఇంకో 325. అవి రెండేసి వేసుకుంటే మరో 1,300. మూడు పేర్లతో ఒకే మందు 3,250 లోపలికి వెళ్ళింది. పిల్లలు అమెరికా నుంచి తెచ్చే టైలెనాల్ డబ్బా మీద ఎసిటమినోఫెన్ అని ఉంటుంది. అది మన పారాసెటమాలే. ఎలీవ్ అంటే నాప్రోక్సెన్, ఎడ్విల్ అంటే ఐబుప్రోఫెన్. ఇవి డైక్లోఫెనాక్ జాతివే, విటమిన్లు కావు.

ట్రామడాల్ని 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. కళ్ళు తిరగడం, మలబద్ధకం, వికారం దాని గుణాలు. రాత్రి బాత్రూంకి లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, మోకాలి ఆపరేషన్ సంగతి ఎత్తే పరిస్థితి ఉండదు. నెలల తరబడి వాడితే ఆపరేషన్ తర్వాత నొప్పి అదుపు చెయ్యడమూ కష్టమే. కొన్నాళ్ళుగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానకండి. ఎలా తగ్గించాలో డాక్టర్ని అడగండి. డిప్రెషన్‌కో ఫిట్స్‌కో మందులు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి.

మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే, అదే మోకాలికి ఆపరేషన్ సాధారణంగా మూడు నెలల దాకా చెయ్యరు, ఇన్ఫెక్షన్ భయం వల్ల. తేదీ దగ్గర్లో ఉందనగా ఎవరైనా ఇంజెక్షన్ చేస్తామంటే ఆ తేదీ చెప్పండి. ఊళ్ళో ఎవరో ఇచ్చే పొడి వేసుకుంటే రెండు రోజుల్లో లేచి పరిగెత్తామని చెప్తుంటారు. అంత త్వరగా తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని మాకు అనుమానం. చాలాకాలం వాడి ఉంటే మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మీ మీద ఎవరూ కోప్పడరు. తెలియకపోతే ఆపరేషన్ మధ్యలో బీపీ పడిపోవచ్చు.

ఇక, ఎదురుచూసే కాలానికి వేరే చీటీ రాయించుకోండి. ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరైనా సరే, మీ బీపీ, షుగరు చూసే డాక్టరు దగ్గరైనా సరే. "అయ్యా, నా ఆపరేషన్‌కి నాలుగు నెలలుంది. ఈ నాలుగు నెలలూ నొప్పికి ఏం వేసుకోను? రోజుకు ఎన్నిటికి మించకూడదు? క్రియాటినిన్ మళ్ళీ ఎప్పుడు చూపించను? ఆపరేషన్‌కి ఎన్ని రోజుల ముందు ఏది ఆపను?" అని అడగండి. తొందరలో ఉన్నారని మొహమాటపడొద్దు, కాగితం మీద రాసుకెళ్ళండి. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబడే మందులు మాత్రం ఎవరో చెప్పారని మానకండి, స్టెంట్ ఉన్నవాళ్ళకు అది ప్రాణాపాయం.

పాలవాడి లెక్క గోడ క్యాలెండర్ మీద రాస్తాం కదా. నొప్పి మాత్ర వేసుకున్న రోజున అదే గడిలో చిన్న గీత పెట్టండి. నెలాఖరున ఆ కాగితం చింపి డాక్టరుకు చూపించండి. మా అమ్మ ఆ పని చేసింది. డైక్లోఫెనాక్ ఆపి, బీపీ మందు మార్చి, జెల్ రాసుకుంటూ, ఎడమ మోకాలు ఎక్కువ నొప్పి కాబట్టి కుడిచేత్తో కర్ర పట్టుకుని నడిచింది. మొదటి రెండు వారాలు ఏడ్చింది. రెండు నెలలకు క్రియాటినిన్ 1.2కి దిగింది. ఆపరేషన్ ఉగాది తర్వాత అయింది.

ఇప్పుడు సంచులు తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు రండి. నడవలేనివాళ్ళు కూర్చునే ఉండండి, నేనే వస్తాను. బీపీ మాత్రలో హెచ్ కనిపించినవాళ్ళు చెయ్యెత్తండి, మీతోనే మొదలుపెడదాం.