మావయ్యా, పెద్ద బ్యాటరీ వేస్తే సరిపోదు!

నమస్కారం, పర్లాకిమిడి నుంచి. పాతపట్నం వైపు మా మావయ్యకి జీడితోట ఉంది. నేలలో తేమ చూసే సెన్సర్లు పెడదామంటే ఆయనది ఒకటే మాట: "పెద్ద బ్యాటరీ వేసెయ్యరా, అన్నీ ఫోన్‌కి పంపేస్తాయి!" మీ కామెంట్లలోనూ ఇదే. ఒళ్లు మండిపోతోంది.

తేమ కొలవడానికి అయ్యేది చిల్లర ఖర్చు. బ్యాటరీని తినేది రేడియో. అడ్డేమీ లేని చోట కూడా దూరం రెట్టింపైతే నాలుగు రెట్ల శక్తి కావాలి. చెట్ల మధ్య ఇంకా ఎక్కువ. అందుకే పక్క సెన్సర్‌కి చెప్పి, అది ఇంకోదానికి చెప్పి, అలా పంపిస్తాం.

ఇప్పుడు పెళ్లి భోజనాలకి రండి. మనిషికి సగటున ఎన్ని బూరెలు పోతున్నాయో వంట మేస్త్రికి కావాలి. బంతిలో ఉన్న ప్రతివాడూ వంటింటి వైపు అరిస్తే? గొంతులు పోతాయి. అందరి కేకలూ అందించే గుమ్మం దగ్గరవాడి గొంతు ముందు పోతుంది. నెట్‌వర్క్‌లోనూ ముందు చచ్చేది బేస్ స్టేషన్ (అంటే సెన్సర్ల కబుర్లన్నీ చివరికి చేరే పెట్టె) పక్క సెన్సరే.

కాబట్టి బంతికొకడు లెక్క కలిపి చెప్పాలి. సగటు చెప్పకూడదు, ఇక్కడే అందరూ బోల్తా పడతారు! ఒక బంతిలో నలుగురు, తలా మూడు. ఇంకో బంతిలో నలభై మంది, తలా ఒకటి. సగటుల సగటు రెండు. అసలు లెక్క? 44 మందికి 52 బూరెలు, అంటే 1.2 కూడా లేదు. మేస్త్రి రెండు చొప్పున వేయిస్తే మిగిలినవి ఎవరు తింటారు? (నేను తింటాను, అది వేరే సంగతి.) అందుకే మొత్తం, మనుషుల సంఖ్య, ఈ రెండు అంకెలే పైకి పంపాలి. 2002లో బర్క్లీ పరిశోధకులు 'ట్యాగ్' అని చూపించింది ఇదే పద్ధతి.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. చెవి రిక్కించి కూర్చోవడమూ ఖర్చే. సీసీ2420 రేడియో చిప్ పూర్తి బలంతో పంపితే 17.4 మిల్లీఆంపియర్లు, వింటే 18.8! అందుకే సెన్సర్ తన వంతు వచ్చినప్పుడే లేచి, మిగతా సమయం నిద్రపోవాలి. లెక్క చెప్పేవాడూ ఒక్కడే అయితే వాడే అలిసిపోతాడు, మార్చుతూ ఉండాలి. 2000లో వచ్చిన 'లీచ్' అనే పద్ధతి సెన్సర్ల గుంపుల్లో చేసేది అదే.

మధ్యగతం, అంటే అంకెల్ని వరసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది, కావాలంటే మాత్రం ఈ రెండంకెల ఉపాయం పనిచేయదు, ఎవరెన్ని తిన్నారో విడివిడిగా రావాల్సిందే. మావయ్యకి అదీ అక్కర్లేదు. ఏ మూల బాగా ఎండిందో తెలిస్తే చాలు. దారిలో ప్రతి సెన్సరూ తను కొలిచినదాంట్లో, తనకి అందినవాటిలో అతి తక్కువ తేమ, ఆ చెట్టు నంబరు, అంతే పంపుతుంది.