కౌలు రైతు, తుఫాను, ఒక సంతకం

శ్రోతలకు నమస్కారం. ఈరోజు తుఫానుల గురించి మాట్లాడమన్నారు. గాలి వేగం, అల్పపీడనం సంగతులు వాతావరణ శాఖ వాళ్లు చెబుతూనే ఉంటారు. నేను ఒక కౌలు రైతు సంగతి చెబుతాను.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వరి కోతల రోజులు. మా బంధువుల ఊళ్లో ఈయన మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. కొంత కోయించి ధాన్యం రోడ్డు పక్కన ఆరబోశాడు, మిగతాది చేలోనే ఉంది. ధాన్యం మీద కప్పడానికి బరకాలు కావాలి. సొంతానివి లేవు, అద్దెకు తేవాలి. వాన ముంచుకొస్తుంటే ఊరంతా బరకాల కోసమే పరుగు. ఈయనకు దొరికినవి చాల్లేదు. గోడౌన్ ఉన్న ఆసామి ధాన్యం అప్పటికే లోపలికి చేరిపోయింది.

వాన వెలిశాక చూస్తే పైరు నేలకొరిగి నీళ్లలో నానుతోంది. మొలకలు రాకుండా ఉప్పు నీళ్లు కొట్టమన్నారు. కొట్టాడు. అయినా కంకుల మీదే తెల్లగా మొలకలు. టైర్ల కోత మిషన్ బురదలో దిగబడిపోతుంది, చైన్ మిషన్ పెట్టాలి. దానికి గంటల లెక్కన కిరాయి, పడిపోయిన చేనుకు గంటలూ ఎక్కువే. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. రంగు మారితే మిల్లు దగ్గర ఇంకో పేచీ. యజమానికి కౌలు కింద కొలవాల్సిన మక్తా బస్తాలు మాత్రం తగ్గవు.

ఇంతవరకూ తుఫాను పని. ఆ తర్వాతది మనుషుల పని.

నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చారు. 33 శాతం, ఆపైన పోయిన పంటకు పెట్టుబడి రాయితీ వస్తుంది. ఎవరి పేరున? ఈ-పంటలో, అంటే ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదులో, ఉన్నది భూమి యజమాని పేరు. ఆయన ఉండేది హైదరాబాద్‌లో. విత్తనం వేసింది ఈయన, అప్పు తెచ్చింది ఈయన, రాత్రంతా బరకాలు ఎగిరిపోకుండా కాపలా కాసింది ఈయన. డబ్బు పడింది ఆయన ఖాతాలో. అందులో సగం ఇచ్చారట. సగమైనా ఇచ్చారు, మంచి మనిషండీ అని ఈయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. వింటే నాకే ఎలాగో ఉంటుంది.

కోతలకు వచ్చే ఆడకూలీలకు పోయిన రోజుల కూలి సంగతైతే, రాసుకునే కాగితంలో దానికి గడే లేదు.

అందుకని ఒక్క మాట. కౌలు రైతులకే కాదు, వాళ్లకంటే ముందు యజమానులకు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కుల పత్రం ఇస్తారు. అందరూ కౌలు కార్డు అంటారు. గడువు 11 నెలలు. దానికి యజమాని సంతకం కావాలి. బండి అక్కడే ఆగిపోతోంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయం. పోదు. మళ్లీ చెబుతున్నా, పోదు. ఆ కార్డుతో పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కూ రాదు. అసలు సంతకంతో పని లేకుండానే కార్డు ఇస్తే మేలని నా అభిప్రాయం. అది వచ్చేదాకా సంతకం పెట్టండి.

కౌలు రైతులు నాట్లు పడేలోపే వీఆర్వోను కలవండి. కార్డు చేతికొచ్చాక రైతు సేవా కేంద్రంలో ఈ-పంట మీ పేరున ఎక్కించుకుని, వేలిముద్ర మీరే వేయండి. ఎక్కించిన బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు మీవేనా అని అక్కడే చదివించుకుని వినండి. తుఫాను కబురు వచ్చాక ఆ ఆఫీసులో ఎవరికీ తీరిక ఉండదు. నమస్కారం.