అభిమాని కన్ను, డ్రైవర్ తల

అందరికీ నమస్కారం. హనుమకొండలో, కాజీపేటలో ఎఫ్1, అంటే ఫార్ములా వన్ కారు రేసులు, చూసేవాళ్లు ఎంతమంది ఉంటారని నన్ను అడుగుతుంటారు. ఈ హాలు చూస్తే ఆ అనుమానం అక్కర్లేదు. కాబట్టి అసలు ఎఫ్1 అంటే ఏమిటని మొదలుపెట్టను. నేరుగా డ్రైవర్ తలను కాచే హేలో మీది గొడవలోకి వస్తాను.

2018లో ఎఫ్1 కార్లన్నిటికీ హేలో తప్పనిసరి చేశారు. డ్రైవర్ తల చుట్టూ, పైన ఉండే టైటానియం చట్రం అది. బరువు దాదాపు 7 కిలోలు. మోయగలిగే భారం దాదాపు 12 టన్నులు. అభిమానులు దాన్ని చూడగానే హవాయి చెప్పు పట్టీ అన్నారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. మెర్సిడెస్ జట్టు పెద్ద టోటో వుల్ఫ్ అయితే, చేతికి రంపం ఇస్తే కోసి పారేస్తానన్నాడు. మాజీ డ్రైవర్ నికీ లౌడా కూడా వ్యతిరేకించాడు. 1976లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద మంటల్లో కాలి, ఆ మచ్చలు ముఖం మీద మోస్తూ బతికిన మనిషి ఆయన. ఆయనే హేలోతో ఎఫ్1 కారు స్వభావం పోతుందన్నాడంటే, అభిమానులను తెలివితక్కువ వాళ్లని కొట్టిపారేయడం కుదరదు.

నేనూ కొట్టిపారేయను. ఓపెన్ వీల్ రేసింగ్‌ను ప్రేమించినవాళ్లకు కారంటే చక్రాలు బయట, తల బయట. తొంభైలలో కేబుల్ టీవీలో చూసిన మాకు డ్రైవర్ ముఖం ఎప్పుడూ కనిపించేది కాదు, హెల్మెట్టే ముఖం. పసుపు రంగు మీద ఆకుపచ్చ, నీలం చారలుంటే బ్రెజిల్ డ్రైవర్ సెన్నా. మలుపులో ఆ హెల్మెట్ ఒక పక్కకు ఒరగడం చూసి ఎంత బలం పడుతోందో అంచనా వేసేవాళ్లం. హేలో వచ్చాక ఆ హెల్మెట్ సగం దాక్కుంది. ఒకే జట్టులోని ఇద్దరిలో ఎవరెవరో తెలియాలంటే ఇప్పుడు కారు పైన ఉన్న కెమెరా పెట్టె నలుపా, పసుపా అని చూడాల్సి వస్తోంది. ఇది నిజమైన నష్టం. దాన్ని నష్టమని ఒప్పుకున్నాకే మిగతా మాట మాట్లాడాలి.

ఇంకో సంగతి గమనించండి. 2003లో మెడను కాపాడే హాన్స్ పరికరం తప్పనిసరి అయింది. 2011లో హెల్మెట్ ముందు అద్దం మీద జైలాన్ అనే గట్టి పీచుతో చేసిన పట్టీ వచ్చింది. వీటి మీద అభిమానులు ఇంతగా గగ్గోలు పెట్టలేదు. ఎందుకంటే అవి టీవీలో కంటికి ఆనవు. కనిపించని భద్రతతో మనకు పేచీ లేదు. కనిపిస్తేనే పేచీ. అంటే మనం కాపాడుకోవాలనుకున్నది ఆట ప్రాణం కాదు, ఆట రూపం. రూపం మీద ప్రేమ తప్పు కాదు. కానీ ఒకరి తలను దానికి పూచీగా పెట్టమనే హక్కు మనకు లేదు.

"ప్రమాదం లేకపోతే రేసింగ్ ఎందుకు?" అనే వాదన ఒకటుంది. దీన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో వాన కురుస్తుండగా డ్రైవర్ జాకీ స్టివార్ట్ కారు ట్రాక్ తప్పింది. ఆయన లోపల ఇరుక్కుపోయాడు, పెట్రోలు కారి ఒళ్లంతా తడుస్తోంది. స్టీరింగ్ విప్పితే గానీ బయటికి లాగలేరు, విప్పడానికి పానా లేదు. తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురాంట్ తమ కార్లూ అక్కడే అదుపు తప్పితే దిగి వచ్చి, చూడడానికి వచ్చిన ఒక ప్రేక్షకుడి దగ్గర పానా అడిగి తెచ్చి విప్పారు. ఆ తర్వాత స్టివార్ట్ స్టీరింగ్‌కే ఒక పానా అంటించుకుని తిరిగాడు. సీటు బెల్టులు కావాలి, బారియర్లు కావాలి, డాక్టర్లు కావాలి అని పోరాడాడు. పిరికివాడన్నారు, ఆట అందం చెడగొడుతున్నాడన్నారు. మూడు సార్లు ప్రపంచ చాంపియన్ అయిన మనిషిని! ఆ రోజు పానా ఇచ్చిన ప్రేక్షకుడి పేరు నాకు తెలియదు కానీ, నా దృష్టిలో అభిమాని అంటే ఆయనే.

ఇక ఇంజినీరింగ్ అభ్యంతరాలు. ఇవి గట్టివి. మొదటిది, ఎదురుగా నిలువు కడ్డీ ఉంటే డ్రైవర్‌కు దారి కనిపిస్తుందా అని. ఆ కడ్డీ మందం దాదాపు 2 సెంటీమీటర్లు. రెండు కళ్ల మధ్య ఎడం అంతకంటే ఎక్కువ. కాబట్టి దూరంగా చూసేటప్పుడు ఒక కంటికి అడ్డొచ్చింది రెండో కంటికి కనిపిస్తుంది. ఇప్పుడే మీ వేలు ముక్కుకు ఎదురుగా నిలబెట్టి, వెనక గోడ మీద గడియారం చూడండి. చూశారా? అంతే. రెండో అభ్యంతరం ఇంకా పెద్దది. మంట అంటుకుంటే అంత లోహపు చట్రం లోంచి బయటికి ఎలా వస్తాడు? అంతకు ముందు 5 సెకన్లలో బయటికి రావాలనే నిబంధన ఉండేది, హేలోతో దాన్ని 7 సెకన్లు చేశారు. భయపడ్డవాళ్లకు భయపడే కారణం ఉంది.

ఆ భయానికి పరీక్ష 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో జరిగింది. మనకు రాత్రి 7:40కి రేసు మొదలైంది. మొదటి ల్యాప్‌లోనే హాస్ జట్టు డ్రైవర్ రొమాన్ గ్రోజాన్ కుడివైపుకు జరిగాడు, వెనక వస్తున్న క్వియాట్ కారు చక్రం తగిలింది. కారు గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో ఇనుప రెయిలింగ్‌కు గుద్దుకుంది. దెబ్బ 67 జి, అంటే భూమి ఆకర్షణ బలానికి 67 రెట్లు. కారు రెండు ముక్కలైంది. వెనక భాగం రెయిలింగ్ ఇవతల ఉండిపోయింది, మనిషి కూర్చున్న భాగం రెయిలింగ్‌ను చీల్చుకుని మధ్యలోకి దూరింది. ఒక్క క్షణంలో మంట. ఆ రెయిలింగ్ రేకు సరిగ్గా తల ఎత్తులో ఉంది. దాన్ని నెట్టి ఎడం చేసింది హేలో. ఎడమ కాలు ఇరుక్కుంది, బూటు లోపలే వదిలేసి కాలు లాక్కున్నాడు. మొదటి ల్యాప్‌లో కార్ల వెనకే వచ్చే మెడికల్ కారు అప్పటికే చేరింది. డాక్టర్ ఇయాన్ రాబర్ట్స్ మంట అంచుదాకా వెళ్లి అతన్ని అందుకున్నాడు. మంటల్లో ఉన్నది దాదాపు 28 సెకన్లు. చేతులు కాలాయి, ప్రాణం దక్కింది. హేలో పెడతామన్నప్పుడు వద్దన్న డ్రైవర్లలో గ్రోజాన్ ఒకడు. ఆసుపత్రి మంచం మీది నుంచే వీడియో పెట్టి, అది లేకపోతే ఇప్పుడు మాట్లాడేవాడిని కాదని చెప్పాడు.

2021లో ఇటలీలోని మోంజాలో వెర్‌స్టాపెన్ కారు హామిల్టన్ తల మీదికి ఎక్కింది. 2022లో సిల్వర్‌స్టోన్‌లో జో గ్వాన్‌యూ కారు తలకిందులై, బోల్తా పడితే తలను కాచేందుకు పైనున్న రోల్ హూప్ అనే కమ్మీ విరిగి, నేల మీద జారుతూ పోయింది. ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు.

హేలో అన్నిటికీ మందు కాదు. 2019లో స్పాలో ఎఫ్1కు కింది మెట్టయిన ఎఫ్2లో డ్రైవర్ ఆంత్వాన్ ఉబేర్ చనిపోయాడు, కారుకు హేలో ఉంది. పక్క నుంచి పడ్డ దెబ్బను అది ఆపలేదు. చిన్న ముక్కలు దాని సందుల్లోంచి వస్తాయి. 2009 జూలైలో ఒకే వారంలో రెండు ప్రమాదాలు జరిగాయి. 18 ఏళ్ల ఎఫ్2 డ్రైవర్ హెన్రీ సర్టీస్‌ను ఊడొచ్చిన చక్రం చంపింది, ఎఫ్1 డ్రైవర్ ఫెలిపే మాసా హెల్మెట్‌కు వేరే కారు నుంచి ఊడిన స్ప్రింగ్ తగిలింది. చక్రాన్ని హేలో ఆపగలదు, స్ప్రింగ్ సంగతి ఎవరూ హామీ ఇవ్వలేరు. అమెరికాలోని ఇండీకార్ రేసుల వాళ్లు 2015లో డ్రైవర్ జస్టిన్ విల్సన్‌ను ఎగిరొచ్చిన శకలానికే పోగొట్టుకుని, 2020లో చట్రానికి తోడు పాలీకార్బొనేట్ అద్దం కూడా పెట్టారు. అక్కడి అభిమానులూ మొదట ముఖం చిట్లించారు. అద్దం వెనక డ్రైవర్లు వేడికి ఉడికిపోతున్నారన్నది మాత్రం పరిష్కరించాల్సిన సమస్యే.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల రేసు ఫార్ములా ఇ జరిగింది. మన దగ్గర్నుంచి పొద్దున రైలెక్కి పోయిన పిల్లలున్నారు. వాళ్లను అడిగాను, కారు మీద ఆ చట్రం ఎట్లనిపించింది అని. "ఏ చట్రం సార్?" అన్నారు. వాళ్లు రేసింగ్ చూడడం మొదలుపెట్టేసరికే అన్ని కార్లకూ అది ఉంది. వాళ్ల కంటికి అదే ఫార్ములా కారు.

అభిమాని ప్రతి ఫిర్యాదూ భద్రత మీద పేచీ అనుకోవద్దు. 2021లో స్పాలో వాన వల్ల రేసు నడపలేదు, సరైన నిర్ణయమే. కానీ జనాన్ని గంటల తరబడి తడిపి, వేగాన్ని అదుపులో పెట్టే సేఫ్టీ కారు వెనక కాసేపు తిప్పి, దాన్నే రేసని సగం పాయింట్లు పంచారు. అక్కడ కోపం నిర్వాహకుల మీద, న్యాయమైన కోపం.

చివరగా, కాలేజీ విద్యార్థుల రేసు కార్ల పోటీ ఫార్ములా స్టూడెంట్ కోసం కారు కడుతున్న మీ జట్టుకు ఒక మాట. మీ నిబంధనల్లోనూ ఇవన్నీ ఉన్నాయి. డ్రైవర్ వెనకుండే మెయిన్ హూప్, ముందుండే ఫ్రంట్ హూప్ అనే కమ్మీల పై అంచులను కలిపి దారం లాగితే, డ్రైవర్ హెల్మెట్ దానికి కనీసం 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. 5 సెకన్లలో బయటికి దిగాలి. జట్టులో అందరికంటే పొడుగువాడికి పూర్తి సూటు, గ్లోవ్స్ తొడిగి కొలవండి, పొట్టివాడితో కొలిచి సరిపోయిందనుకోకండి. వచ్చే వారం వర్క్‌షాప్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని నేనూ ఉంటాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.