హ్యాండ్‌బ్రేక్ వేశాక మొదలయ్యే డ్యూటీ

(అగ్నిమాపక వారోత్సవాల్లో భాగంగా నల్గొండలో, డ్రైవర్ ఆపరేటర్ ఉద్యోగానికి తయారవుతున్న యువతీయువకుల ముందు ఒక రిటైర్డ్ డ్రైవర్ ఆపరేటర్ చేసిన ప్రసంగం)

తమ్ముళ్ళకు, ముందు వరుసలో కూర్చున్న ఇద్దరు చెల్లెళ్ళకు, నాకు మైకు ఇచ్చిన పెద్దలకు నమస్కారం.

ముందు ఒక లెక్క తేల్చుకుందాం. హెవీ లైసెన్సు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు, మంచిది. దించండి. ఇప్పుడు బావి మీద మోటరు ఎక్కించడం వచ్చినవాళ్ళు ఎత్తండి. అంటే ఫుట్‌వాల్వు లీకై పైపు ఖాళీ అయితే, పైనుంచి బిందెతో నీళ్ళు పోసి, బుడగలు పోయేదాకా చూసి, స్విచ్చి వేసి నీళ్ళు తెప్పించినవాళ్ళు. సగం చేతులు కూడా లేవలేదు. రెండుసార్లూ ఎత్తినవాళ్ళు ఈ పనికి దగ్గర్లో ఉన్నారు. ఒక్కసారే ఎత్తినవాళ్ళకు సగం పని మిగిలి ఉంది.

ఉద్యోగం పేరులోనే ఆ సంగతి ఉంది. పోలీసు నియామక మండలి నోటిఫికేషన్‌లో ఉన్న పేరు డ్రైవర్ ఆపరేటర్. మా ఊళ్ళో మాత్రం నన్ను ఇప్పటికీ ‘ఫైరింజన్ డ్రైవరు’ అనే పిలుస్తారు. ఆపరేటర్ అని ఒక్కరూ అనలేదు. వాళ్ళ తప్పేం లేదు. జనానికి కనపడేది ఎర్రబండి, వినపడేది సైరను. బండి ఆగాక వాళ్ళ చూపంతా మంట మీదే ఉంటుంది. బండి పక్కన గేజీలు చూస్తూ నిలబడ్డవాడిని ఎవరు చూస్తారు?

ఏప్రిల్ 14 అనగానే మనకు అంబేడ్కర్ జయంతి గుర్తొస్తుంది. మా శాఖకు ఆ రోజు ఇంకొకటి కూడా. 1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకు నిప్పంటుకుంది. అందులో పత్తి బేళ్ళతో పాటు పేలుడు సామాను కూడా ఉంది. ఫైర్‌మెన్లు రేవు మీద నిలబడి నీళ్ళు కొడుతుండగానే పేలింది. అగ్నిమాపక సిబ్బందే 66 మంది పోయారు. 14 నుంచి 20 దాకా మనం జరుపుకునే వారోత్సవాలు వాళ్ళ పేరు మీదే. పత్తి నిప్పు గురించి నల్గొండ వాళ్ళకు నేను చెప్పక్కరలేదు. జిన్నింగ్ మిల్లుల్లో పైకి ఆరిపోయినట్టే కనపడుతుంది, బేలు లోపల మాత్రం రాజుకుంటూనే ఉంటుంది. అలాంటి చోట తక్కువ నీళ్ళు, ఎక్కువ గంటలు. పంపు దగ్గర తెల్లార్లూ నిలబడాలి. నిద్ర ఆపుకోవడం కూడా శిక్షణలో భాగమేనని నాకు అక్కడే తెలిసింది.

ముందు మీకు వచ్చిన పని గురించి మాట్లాడతాను, డ్రైవింగ్.

మామూలు వాటర్ టెండర్‌లో 4500 లీటర్లు పడతాయి. అంటే నాలుగున్నర టన్నుల నీళ్ళు. ఇసుకైనా ఇటుకలైనా ఎక్కడ పోస్తే అక్కడే ఉంటాయి, నీళ్ళు ఉండవు. నిండుకుండ తొణకదని మనవాళ్ళు మనుషుల గురించి అన్నారు కానీ, అది మా బండికి అక్షరాలా సరిపోతుంది. నిండు ట్యాంకు బరువే తప్ప పేచీ పెట్టదు. సగం ట్యాంకుతో మూలమలుపు తిప్పి చూడండి. ట్యాంకులో అడ్డు పలకలు ఉన్నా సరే, మీరు ఎడమకు తిప్పితే నీళ్ళు కుడికి కొడతాయి. మన్ననూరు దాటి దోమలపెంట వైపు నల్లమల ఘాట్‌లో పోయినవాళ్ళకు ఆ మలుపులు తెలుసు. ఎండాకాలం అడవి నిప్పు ఆర్పి, ట్యాంకు సగం చేసుకుని తిరిగి వచ్చేటప్పుడే జాగ్రత్తగా ఉండాలి. పోయేటప్పుడు అందరం అప్రమత్తంగానే ఉంటాం, వచ్చేటప్పుడు ఒళ్ళు మరిచిపోతాం.

మైదానంలో మన జిల్లాకు ఇంకో ప్రమాదం ఉంది, ఏ డ్రైవింగ్ పుస్తకంలోనూ రాయనిది. వడ్లు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెడతారు. నల్లకవరు కప్పితే రాత్రిపూట ఆ కుప్ప కనపడదు. ఆ రాళ్ళు తప్పించబోయి వడ్ల మీద బ్రేకు కొడితే చక్రం జారుతుంది. రైతును తిట్టుకుని లాభం లేదు, కల్లం లేకనే కదా రోడ్డెక్కాడు. వేగం మనమే తగ్గించుకోవాలి.

ఇక సైరను. మోటారు వాహనాల చట్టంలో 194ఇ అనే సెక్షను 2019లో వచ్చింది. ఫైరింజన్‌కో అంబులెన్సుకో పక్కకు జరగకపోతే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇది చదివి కొత్త డ్రైవర్లకు ఛాతీ పొంగుతుంది. చట్టం ఎదుటివాడికి తప్పుకోమని చెప్పింది, మిమ్మల్ని గుద్దమనలేదు. చెవులకు ఫోను తగిలించుకుని బైకు మీద పోయేవాడికి మీ సైరను వినపడదు. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే దాటే బర్రెకు అసలే వినపడదు, వినపడినా లెక్కచేయదు.

2013 అక్టోబరు 30న తెల్లవారుజామున మన పాలమూరు పాలెం దగ్గర వోల్వో బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. కల్వర్టుకు తగిలి డీజిల్ అంటుకుంది. ఆ మంట నిమిషాల్లో పని ముగించింది. అలాంటి చోటికి పోవాలంటే దారిలో వంద మీద నడిపితే లాభమని చాలామంది అనుకుంటారు. స్టేషన్‌లో మూడు నిమిషాలు పోగొట్టుకుని రోడ్డు మీద అరనిమిషం సంపాదించడం అది. పాత బండ్లలో ఎయిర్‌బ్రేకు గాలి నిండేదాకా బండి కదలదు. పొద్దున్నే గాలి, బ్యాటరీ, డీజిలు, ట్యాంకు చూసుకున్నవాడు బెల్లు మోగగానే బయటపడతాడు. చూసుకోనివాడు హారను కొడుతూ గేటులోనే నిలబడతాడు.

సరే, చేరారు. హ్యాండ్‌బ్రేక్ వేశారు. లారీ డ్రైవరుకైతే ఇక్కడితో డ్యూటీ అయిపోయింది, టీ తాగొచ్చు. మీకు ఇప్పుడే మొదలైంది.

బండి ఎక్కడ ఆపారన్నది మొదటి పరీక్ష. గాలి ఎటు కొడుతోంది, పైన కరెంటు తీగ ఉందా, పక్కన మడి తడిగా ఉందా, మంట తిరగబడితే వెనక్కి పోయే దారి ఉందా. తర్వాత గేరు న్యూట్రల్‌కు తేవాలి, చక్రాల కింద దిమ్మలు పెట్టాలి, ఇంజను బలాన్ని పంపుకు మళ్ళించాలి. దాన్నే పీటీఓ అంటారు. ఆ క్షణం నుంచి ఇంజను మీ బండిని కాదు, అవతల బ్రాంచి, అంటే హోసు కొసన నీళ్ళు చిమ్మే గొట్టం, పట్టుకున్న ఇద్దరు మనుషులను నడుపుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను. వేగం రెట్టింపైతే బ్రేకు కొట్టాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ఇది డ్రైవర్లందరికీ అనుభవమే. హోసులో నీళ్ళదీ అదే లెక్క. ఒకే హోసులో రెట్టింపు నీళ్ళు తోస్తే రాపిడికి పోయే ప్రెషరు నాలుగు రెట్లు. ప్రెషరును మేం కేజీల్లో, అంటే చదరపు సెంటీమీటరు మీద ఎన్ని కేజీలని, కొలుస్తాం. కేజీ పోయేచోట నాలుగు కేజీలు పోతుంది. అందుకే ‘ఇంకా నీళ్ళు, ఇంకా నీళ్ళు’ అని అరిస్తే యాక్సిలరేటర్ తొక్కినంత మాత్రాన రావు, పక్కన ఇంకో లైను వేయాలి. పైకి పోయినా అంతే. ప్రతి పది మీటర్ల ఎత్తుకు ఒక కేజీ ప్రెషరు తగ్గుతుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లు పైకప్పు మీద ఉన్నవాడికీ, కింద వాకిట్లో ఉన్నవాడికీ ఒకే గేజీ రీడింగు సరిపోదు.

మరి ఎప్పుడూ ఎక్కువ ఇస్తే పోలా అంటారా? గడ్డివాము మీద ఫుల్ ప్రెషరు కొట్టి చూడండి. నిప్పున్న గడ్డి ఎగిరి పక్కవాడి వాము మీద పడుతుంది. ఒక వాము ఆర్పడానికి పోయి రెండోది అంటించి వచ్చినవాళ్ళమవుతాం. పైగా ప్రెషరు ఒక్కసారి పెంచితే బ్రాంచి పట్టుకున్నవాడు వెల్లకిలా పడతాడు. ఒక్కసారి తగ్గిస్తే మంట ముందు ఖాళీ చేతులతో నిలబడతాడు. నిచ్చెన మీద ఉంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పెంచినా తగ్గించినా మెల్లగా, చెప్పి చేయాలి. బ్రాంచి మూసినప్పుడు పంపు అలాగే తిరుగుతుంటే లోపలి నీళ్ళు కాగుతాయి, సీళ్ళు పోతాయి. వాల్వు బంద్ చేసి మోటరు నడిపితే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పాలా? కొంచెం నీళ్ళు తిరిగి ట్యాంకులోకి పోయేలా వాల్వు తెరవాలి.

నిమిషానికి 450 లీటర్లు పోయే బ్రాంచి ఒకటి నడిస్తే ట్యాంకు పది నిమిషాలు వస్తుంది. రెండు నడిస్తే ఐదు. ఐదో నిమిషంలో నీళ్ళు వెతకడం మొదలుపెట్టినవాడు ఆపరేటర్ కాదు. దిగీదిగగానే చెరువెక్కడ, కాలువెక్కడ, ఎవరి బోరు నడుస్తోంది అని అడగాలి.

నా పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. పాలమూరు వైపు ఒక ఊళ్ళో గడ్డివాములు అంటుకున్నాయి. ట్యాంకు అయిపోయింది. పక్కనే పెద్ద బావి, నిండా నీళ్ళు. నీళ్ళ మట్టం ముప్పై ఐదు అడుగుల లోతున ఉంది. పంపులోకి నీళ్ళు ఎక్కించే సక్షన్ హోసులు ఒకదానికొకటి బిగించి దింపాను. వాటిలోని గాలి తీసేసే ప్రైమర్ వేశాను. రాలేదు. మళ్ళీ వేశాను. ఎక్కడో గాలి పడుతోందని కప్లింగులు విప్పి, వాషర్లు చూసి, మళ్ళీ బిగించాను. పది నిమిషాలు పోయాయి. గట్టు మీద కూర్చున్న ఒక ముసలాయన బీడీ పక్కన పెట్టి అన్నాడు: “బిడ్డా, గంత లోతుల కెల్లి పైనున్న మోటరు గుంజదు. గందుకే మేం బాయిల గద్దె కట్టి మోటరు దించుకున్నం.”

నాకు సిగ్గుతో మాట రాలేదు. శిక్షణలో చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. పంపు నీళ్ళను లాగదు. పంపు గాలి తీసేస్తే, బయటి వాతావరణ పీడనం నీళ్ళను పైపులోకి నెడుతుంది. ఆ పీడనం నెట్టగలిగేది లెక్క ప్రకారం పది మీటర్ల పైచిలుకు, పనిలో ఏడు మీటర్ల దాకా, అంటే ఇరవై మూడు అడుగులు. పాలమూరు సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ ఇంకో అర మీటరు తగ్గుతుంది. ముప్పై ఐదు అడుగులంటే కొత్త పంపైనా, దేవుడే వచ్చి తిప్పినా రాదు. పరీక్షలో ‘ఏడు మీటర్లు’ అని రాసిన నేను, బావి అంచున నిలబడి అడుగులు కొలవలేదు. ఆ రోజు రెండు వాములు ఎక్కువ కాలాయి. ఆ ముసలాయనే కొడుకును పంపి, బోరు పైపు మా ట్యాంకులో పెట్టించాడు.

అందుకే సర్టిఫికెట్ అనగానే నేను కాస్త అనుమానంగా చూస్తాను. కాగితం వద్దని కాదు. వట్టినాగులపల్లి శిక్షణ కేంద్రంలో నేర్పేది గట్టిగా నేర్చుకోండి. నాగపూర్ జాతీయ అగ్నిమాపక కళాశాల 1956 నుంచి దేశానికి అధికారులను తయారుచేస్తోంది, పై చదువుకు పోగలిగితే పోండి. అమెరికాలో ఈ పనికే విడిగా ఒక ప్రమాణం రాసుకున్నారు. దాని నంబరు 1002, ఈమధ్యే 1010 అనే ప్రమాణంలో కలిపారు. పంపు బండికి ఒక అర్హత, ఎత్తు నిచ్చెన బండికి ఒకటి, అడవి నిప్పుకు పోయే బండికి ఇంకొకటి. ఒక బండి నడిపినవాడికి అన్నీ వచ్చినట్టు లెక్కవేయరు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మన హెవీ లైసెన్సుకు ఐదేళ్ళకోసారి రెన్యువల్ ఉంది. పంపుకూ అలాంటి గడువు పెట్టాలన్నది నా అభిప్రాయం. అదీ రాతపరీక్ష కాదు. తెలియని బావి దగ్గర నిలబెట్టాలి, రాత్రిపూట, పక్కన పదిమంది అరుస్తుండగా. వస్తాయా రావా అన్నది సక్షన్ హోసు దింపకముందే చెప్పగలగాలి. ‘రావు, వేరే చోటు చూడండి’ అని టైముకు చెప్పినవాడు కూడా పాసే. ఆ జవాబుకు మార్కులు వేసే పరీక్ష నా సర్వీసులో నాకు ఎదురుపడలేదు.

మాటలు చాలు, ఎండ పెరుగుతోంది. మైదానం వెనక సిమెంటు తొట్టి ఉంది. పక్కన బండి ఉంది, ట్యాంకు కావాలనే ఖాళీ చేయించాను. సక్షన్ హోసులు నేల మీద పరిచి ఉన్నాయి, ఒకదాంట్లో వాషరు నేనే తీసి జేబులో పెట్టుకున్నాను. ఎందులోనిదో చెప్పను. నలుగురు నలుగురుగా రండి, ముందు చెల్లెళ్ళు.