ఎర్త్ సరిగ్గా ఉంటేనే ముల్లు నిజం చెబుతుంది

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: యాంకర్, ఇంజిన్ మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్)

యాంకర్: నమస్కారం. కారు డ్యాష్‌బోర్డులో కంపెనీ మీటర్లు ఉండగానే ఆయిల్ ప్రెషర్, బూస్ట్ లాంటి మీటర్లు మళ్లీ బయట కొని పెట్టించుకోవడం ఎందుకు? షోకు కోసమేనా?

మెకానిక్: షోకు కోసం పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు లెండి. కానీ డ్యాష్‌బోర్డు ముల్లును పూర్తిగా నమ్మడానికి లేదు. చాలా కార్లలో కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, వేడి 75 డిగ్రీల నుంచి 105 దాకా ఎక్కడున్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్లే చేస్తారు. కాస్త ఊగితే చాలు, జనం కంగారుపడి సర్వీస్ సెంటర్‌కు వస్తారని. ఇప్పటి చిన్న కార్లు కొన్నింటిలో ఆ ముల్లూ లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మరిగితే ఎర్ర లైటు, అంతే. ఆయిల్ సంగతి ఇంకా అన్యాయం. ఎర్ర ఆయిల్ లైటు వెలిగేసరికి ఆయిల్ ప్రెషర్ సుమారు 0.3 బార్‌కు (1 బార్ అంటే దాదాపు సముద్రమట్టంలో గాలి ఒత్తిడి) పడిపోయి ఉంటుంది. రోడ్డు మీద 3000 ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 1 బారే ఉన్నా ఆ లైటు వెలగదు. బేరింగులు మాత్రం అరిగిపోతుంటాయి.

యాంకర్: అయితే డబ్బు ఒక్క మీటరుకే ఉంటే?

ఎలక్ట్రీషియన్: ఆయిల్ ప్రెషర్, మేడమ్. కూలెంట్ వేడి కావాలంటే ఓబీడీ పోర్టుకు, అంటే సర్వీస్ సెంటర్‌వాళ్లు స్కానర్ పెట్టే సాకెట్‌కు, చిన్న బ్లూటూత్ డాంగిల్ పెడితే ఫోన్లోనే కనిపిస్తుంది. ఆయిల్ ప్రెషర్ అలా రాదు. చాలా కార్లలో అక్కడ ఉన్నది సెన్సర్ కాదు, ఆన్-ఆఫ్ స్విచ్చే. ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూకే తెలియని అంకె ఫోన్‌కు ఎక్కడి నుంచి వస్తుంది?

యాంకర్: సరే, బిగించేది ఎలా?

మెకానిక్: ఆయిల్ స్విచ్ విప్పి, ఆ చోట టీ-జాయింట్ (T ఆకారపు అతుకు) పెట్టి, ఒక వైపు పాత స్విచ్, ఇంకో వైపు కొత్త సెండర్, అంటే ప్రెషర్‌ను కొలిచి మీటరుకు పంపే భాగం. పాత స్విచ్ తీసి పారేయొద్దు. మీటరు వైపు చూడని క్షణంలో ఆ ఎర్ర లైటే కాపాడేది. ఇక ఎక్కువమంది దెబ్బతినేది మర దగ్గర. జపాన్ మూలాలున్న ఇంజిన్లలో ఆ రంధ్రం సాధారణంగా 1/8 బీఎస్‌పీటీ (బ్రిటిష్ పైపు మర), అంగుళానికి 28 చుట్లు. బజారులో దొరికే సెండర్లు చాలావరకు 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు మర), 27 చుట్లు. చేత్తో రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ స్పానర్ వేసి బలవంతం చేస్తే అల్యూమినియం చీలుతుంది. అడాప్టర్ ధర వందల్లో, దెబ్బతిన్న హౌసింగ్ ధర వేలల్లో.

ఎలక్ట్రీషియన్: టెఫ్లాన్ టేపు విషయం కూడా చెప్పు అన్నా.

మెకానిక్: అది నీ వైరింగ్ గొడవ, నువ్వే చెప్పు.

ఎలక్ట్రీషియన్: ఒకే వైరున్న సెండర్‌కు ఎర్త్, అంటే కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి, దాని మర నుంచే దొరకాలి. టేపు పొరలు పొరలుగా చుడితే ఎర్త్ తెగి, ముల్లు పిచ్చిగా ఆడుతుంది. కొన మొదటి చుట్టు వదిలి ఒకటిన్నర చుట్లు చాలు. లేదంటే లిక్విడ్ సీలెంట్ వాడొచ్చు. మూడు వైర్ల ఎలక్ట్రానిక్ సెన్సరైతే ఎర్త్‌కు దాని వైరు దానికే ఉంటుంది, ఈ బాధ లేదు.

మెకానిక్: ఇంకో మాట. డబ్బా లాంటి బరువైన సెండర్‌ను ఇత్తడి టీ మీద వేలాడదీయొద్దు. ఇంజిన్ వణుకుడుకు టీ మెడ దగ్గర చిట్లుతుంది. ఆయిల్ మొత్తం రోడ్డు మీద పోతుంది, ఇంజిన్ నిమిషాల్లో పట్టేస్తుంది. లోహపు తీగ అల్లిక ఉన్న హోస్ వేసి సెండర్‌ను బాడీకి క్లాంపుతో బిగించి, దానికి విడిగా ఎర్త్ వైరు ఇవ్వాలి.

ఎలక్ట్రీషియన్: దానికంటే ఆయిల్ ఫిల్టర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఇరికించే శాండ్‌విచ్ ప్లేట్ తేలిక కదా? సెండర్ దానికే బిగించొచ్చు.

మెకానిక్: స్పిన్-ఆన్, అంటే డబ్బాలా తిప్పి బిగించే ఫిల్టర్ ఉంటేనే. ఉన్నా సరే, ఫిల్టర్ మర ఎం20×1.5 ఉందో, 3/4-16 ఉందో కొలిచి కొనాలి. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. పైగా ప్లేటు మందం మేర ఫిల్టర్ కిందికి దిగుతుంది. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందేగా. నా ఓటు హోస్‌కే.

యాంకర్: ఒక ప్రేక్షకుడి ప్రశ్న. 1.3 డీజిల్ స్విఫ్ట్‌కు బూస్ట్ మీటరు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి చూపేది) పెట్టించారట. సన్న గొట్టాన్ని బ్రేక్ బూస్టర్ పైపుకు కలిపారు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ముల్లు వాక్యూమ్ వైపే ఉంటోందట.

మెకానిక్: ఉంటుంది మరి. పెట్రోల్ కారులో ఆ పైపు మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) నుంచి వస్తుంది. డీజిల్‌లో గాలిని అడ్డే థ్రాటిల్ వల్ల వచ్చే వాక్యూమ్ లేదు కనుక బ్రేక్‌కు విడిగా వాక్యూమ్ పంపు ఉంటుంది. ఆయన కొలుస్తున్నది ఆ పంపునే. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) ఉంటే అది దాటాక, మానిఫోల్డ్‌కు వెళ్లే పైపు మీద నిపుల్ (సన్న గొట్టం తగిలించే మొన) వేసి అక్కడి నుంచి తీయాలి. బ్రేక్ పైపు కోసినచోట టీ తీసేసి కొత్త పైపే వేయించమనండి, అక్కడ అతుకులు పనికిరావు.

ఎలక్ట్రీషియన్: ఓబీడీలో మ్యాప్ అంకె, అంటే మానిఫోల్డ్‌లోని గాలి ఒత్తిడి, చూసేవాళ్లకు ఒక చిట్కా. అది బయటి గాలితో కలిపి చూపిస్తుంది. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్ చేసి చూసిన అంకెను అందులోంచి తీసేయండి, మిగిలేదే బూస్ట్. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది కాబట్టి ఇక్కడ అది 0.95 బార్ దగ్గర ఉంటుంది, విశాఖలో 1 బార్ పైచిలుకు.

యాంకర్: కరెంటు వైర్లు?

ఎలక్ట్రీషియన్: ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. మీటరు వైర్ల రంగులు కంపెనీకో తీరు. దానితో వచ్చిన కాగితం చూడకుండా కలపొద్దు. ఇగ్నిషన్ వైరుకు ఏసీసీ లైను (కీ మొదటి మెట్టులో రేడియో లాంటివాటికి వచ్చే కరెంటు) వద్దు, సెల్ఫ్ కొట్టినప్పుడు అది ఆగిపోతుంది. కీ ఆన్‌లోనూ, సెల్ఫ్ కొట్టేటప్పుడూ 12 వోల్టులు నిలిచే ఫ్యూజును మల్టీమీటరుతో వెతికి, ఫ్యూజ్ ట్యాప్ (అక్కడి నుంచి ఇంకో వైరు తీసే క్లిప్) పెట్టి, 3 యాంపియర్ల ఫ్యూజు వేయండి. వైరు 0.75 చదరపు మి.మీ. చాలు. ఇంజిన్‌కూ కేబిన్‌కూ మధ్య రేకు గోడ, ఫైర్‌వాల్‌లో ఉన్న రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు వేసే రబ్బరు) గుండానే దాటించాలి. రేకు అంచుకు తగిలితే ఏదో ఒకరోజు ఇన్సులేషన్ కోసుకుపోతుంది. ఇంజిన్ వైపు వైరును కొంచెం కిందికి వంచి పైకి తెస్తే వాన నీరు వైరు వెంట లోపలికి జారదు.

యాంకర్: మీటరును కుడివైపు పిల్లర్ మీద పెడితే కంటికి ఎదురుగా ఉంటుంది కదా?

ఎలక్ట్రీషియన్: ఆ పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే అసలు ముట్టుకోవద్దు, మేడమ్. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అక్కడినుంచే తెరుచుకుంటుంది. ముందున్న 52 మి.మీ. మీటరు తూటాలా ఎగిరి వస్తుంది. ఏసీ వెంట్‌లో మీటరు పెట్టే పాడ్ (చిన్న గూడు) మంచిది. పసుపు చుట్టున్న వైర్ల జోలికి కూడా వెళ్లొద్దు, అవి ఎయిర్‌బ్యాగువే.

మెకానిక్: ఆయిల్‌ను సన్న గొట్టంలో కేబిన్ దాకా తెచ్చే మెకానికల్ మీటరు కూడా వద్దు. గొట్టం పగిలితే సలసలకాగే ఆయిల్ పాదాల మీద పడుతుంది.

యాంకర్: అన్నీ సరిగ్గా బిగించినా అంకె తప్పొస్తే?

ఎలక్ట్రీషియన్: ముందు మీటరు, సెండర్ ఒకే జతవేనా అని చూడండి. 10 నుంచి 180 ఓమ్‌ల సెండర్‌ను (ప్రెషర్ పెరిగితే ఓమ్‌లు పెరిగే రకం) 240 నుంచి 33 ఓమ్‌ల మీటరుకు (ఓమ్‌లు తగ్గే రకం) కలిపితే ముల్లు తలకిందులుగా నడుస్తుంది. జత సరైనదే అయితే సెండర్ వైరు తీసి చూడండి. మొదటి రకంలో ముల్లు పై చివరికి పోవాలి, ఎర్త్‌కు తాకిస్తే సున్నాకు రావాలి. రెండో రకంలో దీనికి వ్యతిరేకం. అలా కదిలితే మీటరు, వైరు బాగున్నట్టే, సెండర్‌నే అనుమానించాలి. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు జరిగితే మాత్రం సెండర్ మార్చకండి. మీటరు ఎర్త్‌ను డ్యాష్ వెనుక ఏదో స్క్రూకు వేసి ఉంటారు. పెయింట్ గీకిన బాడీ బోల్టుకు మార్చండి.

మెకానిక్: ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో 1 బార్ దగ్గర, ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 0.7 బార్ చొప్పున పెరిగితే సరే. అసలు లెక్క మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ రాత్రి బండి కింద అట్టముక్క పరవండి. పొద్దున టీ-జాయింట్ కింద చుక్క కనిపిస్తే విప్పి మళ్లీ సీల్ చేయాలి, ఇంకా బిగించి సరిపెట్టడం కాదు.